కిరాయి ఇంజన్ రంగు

బెజవాడ,
ఫిబ్రవరి 1949

అక్కకు రామచంద్రం నమస్కారాలు.

ఎలా ఉన్నావని అడిగితే "నాకేమైంది" అంటావు కాబట్టి ఆ ప్రశ్న మానేశాను. నేను బాగానే ఉన్నాను. పగలంతా ఫౌండ్రీలో పంపులకు చెక్క అచ్చులు చెక్కడం, సాయంత్రం ఇంటికొచ్చి రైళ్ళు చెక్కడం. మా ఆయనకు ఇద్దరు పెళ్ళాలు, రెండోది రైలు అని నీ మరదలు కిష్టమ్మ వాడకట్టంతా చెప్పుకుంటోంది. నిజానికి ఆ రెండోదాని పోరే తక్కువ.

ఈసారి చేస్తున్నది మన హఫీజ్‌పేట స్టేషన్. బల్లలు కలిపి వేసి వాటి మీద స్టేషన్, నీళ్ళ ట్యాంకు, క్వారీకి పోయే సైడింగు, గుట్టను నిలువునా కోసి పట్టాలు వేసిన ఆ కట్టింగు, అన్నీ పెడుతున్నాను. దసరాకు ఇక్కడి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో చూపిస్తామన్నారు. బావ సుత్తి భుజాన వేసుకుని రోజూ తిరిగిన లైను కదా, అందుకే అదే చేయాలనిపించింది. బొగ్గు ఇంజన్లు పూర్తయ్యాయి. ఒక్కటే మిగిలింది. కిందటేడు క్వారీలో కంకర వ్యాగన్లు లాగడానికి బొంబాయి కాంట్రాక్టరెవరో కిరాయికిచ్చిన డీజిల్ ఇంజన్. దానికి బాయిలరు లేదు, పొగ లేదు, చూడటానికి పెద్ద ఇనుప పెట్టెలాగా ఉండేదని విన్నాను. వానలకు ముందే వాపసు పోయిందట. నేను కళ్ళతో చూడలేదు.

సొంత ఇంజన్లయితే ఫొటోలుంటాయి, నక్షలుంటాయి. కిరాయి ఇంజన్‌కు ఫొటో ఎవరు తీస్తారు? ఎవరు కిరాయికి తీసుకుంటే వాళ్ళు తమ దగ్గరున్న రంగు పూసుకుంటారు, పని కాగానే పంపేస్తారు. రంగు తెలియకుండా ఇంజన్ చేస్తే అది ఇంజన్ కాదు, పిల్లలాడుకునే డబ్బా.

నీ ఇల్లు సైడింగు పక్కనే. దాన్ని రోజూ చూసే ఉంటావు. ఒళ్ళు ఏ రంగు, ముఖం ఏ రంగు, అక్షరాలేమైనా ఉన్నాయా, వివరంగా రాయి. "ఏదో రంగు" అని మాత్రం రాయకు. ఏదో రంగు డబ్బా బెజవాడ బజారులో దొరకదు.

నీ తమ్ముడు
రామచంద్రం

&nbsp;

హఫీజ్‌పేట,
మార్చి

చిరంజీవి రామచంద్రానికి నీలమ్మ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. కిష్టమ్మకు నా మాటగా చెప్పు. రెండోది తిండి అడగదు, చీర అడగదు, కొంచెం ఓర్చుకోమను.

ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. మిరపకాయలు ఎండబెట్టాను. మేక ఈనింది, రెండూ పోతులే. కొత్తగూడ సీతాబాయి కట్టెల మోపు అమ్ముకుని పోతూ పోతూ నా అరుగు మీద కాసేపు కూర్చుంటుంది. మాట్లాడేది అది, వినేది నేను.

ఇంజన్ రంగు అడిగావు. మన్ను రంగు కావచ్చు. ఆకుపచ్చ అన్నవాళ్ళు కూడా ఉన్నారు. నేను అంత పరీక్షగా చూడలేదు. అంతమందికి చూపించే బొమ్మలో అదొక్కటి లేకపోతే ఏం కొంప మునిగింది? బొగ్గు ఇంజన్లు చేశానన్నావు కదా, వాటినే నిలబెట్టు. అవే అందంగా ఉంటాయి. దూరం నుంచి వస్తున్నప్పుడే వస్తున్నామని చెప్తాయి.

ఒక సంగతి అడుగుతాను. కట్టింగు కూడా పెడుతున్నానన్నావు. అందులో మనుషుల బొమ్మలు పెడతావా? పెట్టకు.

నీ అక్క
నీలమ్మ

&nbsp;

బెజవాడ,
మే

అక్కకు నమస్కారాలు.

నీ దగ్గర రంగు రాబట్టడం కంటే రాతిలో నార తీయడం తేలిక. సరే, నువ్వు చెప్పకపోతే చెప్పేవాళ్ళు లేరా అని మీ స్టేషన్‌లో టికెట్లిచ్చే వెంకటనారాయణకు రాశాను. చిన్నప్పుడు నాన్న దగ్గర నాతో పాటు ఓనమాలు దిద్దినవాడే కదా. పాపం, నలుగురిని అడిగి పెద్ద ఉత్తరం రాశాడు. చదివాక నాకు మతిపోయింది.

తను చూసింది ముదురు ఆకుపచ్చ అంటాడు. క్వారీ గుమాస్తా ఇటుక ఎరుపు అన్నాడట. ఇంకొకరు మన్ను రంగు అన్నారట. ఒకటే ఇంజన్, మూడు రంగులు. కానీ కొంచెం ఆలోచిస్తే లెక్క కుదిరింది. వెంకటనారాయణ విన్నదాని ప్రకారం అది యుద్ధంలో మిలిటరీ వాళ్ళది కాబట్టి అడుగున ఆకుపచ్చ. ఆ తరువాత ఏదో చక్కెర ఫ్యాక్టరీ కిరాయికి తీసుకుని ఎర్ర రంగు వేసింది. మీ క్వారీకి వచ్చేముందు దాని మీద మన్ను రంగు కొట్టారు. రంగు పెచ్చులూడినచోట ఒక్కొక్కరికి ఒక్కొక్కటి కనపడి ఉంటుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

అసలు చిక్కు ఇది కాదు. సీతాబాయి వెంకటనారాయణతో ఏమన్నదో విను. "దాని మొకానికి ఎర్రవి తెల్లవి చారలుండె సారూ, నిలువుగ" అన్నదట. ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న రైల్వే పుస్తకాలన్నీ తిరగేశాను. ఇంగ్లీషు వాళ్ళ ఇంజన్లు చూశాను, అమెరికా వాళ్ళవి చూశాను. ఎక్కడా అలాంటి చారలు లేవు. ఏ దేశపు పద్ధతో అంతుపట్టడం లేదు. ఆమె పొరబడిందా అంటే, వెంకటనారాయణ కూడా ఆ చారలు చూశానంటాడు. ఎవరు వేశారని అడిగితే మాత్రం "అది మీ అక్కనే అడుగు" అని రాసి ఊరుకున్నాడు. నిన్నెందుకు అడగాలి?

బావ ఉండి ఉంటే ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. అక్కా, నీ మనసు నాకు తెలియక కాదు. బావను పొట్టన పెట్టుకున్న ఆ ప్యాసింజరు బండిని మాత్రం నేను చేయలేదు, చేయను కూడా. నా బల్ల మీదికి దాన్ని రానివ్వను. కట్టింగులో మనుషులను వద్దన్నావు, పెట్టను. ఆ చారల సంగతి మాత్రం చెప్పు.

రామచంద్రం

&nbsp;

హఫీజ్‌పేట,
మే

రామచంద్రం,

ఆ చారలు ఏ దేశానివీ కావు. అవి నేను వేసినవి. ఎర్ర జాజు, తెల్ల సున్నం. ఇంటి గోడ అడుగున ఎలా వేస్తామో అలాగే వేశాను.

మీ బావకు తగిలింది ప్యాసింజరు కాదు. ఆ కిరాయి ఇంజనే. సరిహద్దు దారులు తెరిచాక పోయిన దసరాకు నువ్వు వచ్చినప్పుడు బండి తగిలిందని మాత్రమే అన్నాను. ప్యాసింజరని నువ్వే అనుకున్నావు. నేను దిద్దలేదు. దిద్దితే ఆ తరువాతి మాటలు కూడా చెప్పాల్సి వస్తుంది. ఇప్పుడు చెప్తున్నాను.

అది వచ్చి నెల కూడా కాలేదు. ఆ రోజు మధ్యాహ్నం తరువాత ఆయన ఒక్కడే సుత్తి పట్టుకుని, పట్టాల చీలలు చూసుకుంటూ కట్టింగులోకి పోయాడు. మిగతా గ్యాంగు వాళ్ళు ఇవతలి కొసన గుట్ట పైన ఉన్నారు. ఇంజన్ క్వారీ వైపు నుంచి వచ్చింది. డ్రైవరు వీరేశం కొమ్ము ఊదాడట. క్వారీలో రాయి పగలగొట్టే చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు.

విచారణకు పెద్ద దొరలు వచ్చారు. గ్యాంగు మేస్త్రి బాలనర్సయ్య పైనుంచి బండిని, ఆయనను చూసినవాడు. నన్ను కూడా కూర్చోబెట్టారు కాబట్టి అతను అన్న మాట నా చెవులతో విన్నాను. "పెంటయ్య బండి దిక్కు సూసిండు సార్. సూసి ఆడనే నిలవడ్డడు." అంతే అన్నాడు. దొరలు అదే రాసుకున్నారు. బండిని చూసి కూడా పక్కకు జరగలేదని.

మా పాప అమ్మవారు పోసి పోయిన తరువాత ఆయన మాట తగ్గించేశాడని నీకు తెలుసు. ఊళ్ళో వాళ్ళకు కూడా తెలుసు. ఇక వాళ్ళకు ఏం కావాలి? కావాలనే నిలబడ్డాడు అన్నారు. బిడ్డ దగ్గరికి పోయాడు అన్నారు. నన్ను ఓదార్చడానికి అన్న మాటేనట అది. బిడ్డ దగ్గరికి పోయాడు సరే. మరి నేను? నన్ను ఎవరి దగ్గర పెట్టి పోయాడు?

పదకొండో రోజు తరువాత కుండలో సున్నం, చిప్పలో జాజు కలుపుకుని సైడింగు దగ్గరికి పోయాను. మొగుడు పోయినదాన్ని, అవి ముట్టకూడదని తెలుసు. వీరేశం ఇంజన్ ఆపి ముఖం అటు తిప్పుకున్నాడు. నన్ను ఎవరూ వారించలేదు. దాని ముఖానికి చారలు వేశాను. ఆయన చూసి నిలబడ్డాడో, చూడక నిలబడ్డాడో నాకు తెలియదు. ఇంకొకరికైతే కనపడాలి కదా. దుమ్ము పడి చెదిరిపోతే మళ్ళీ వేశాను. దాన్ని తీసుకుపోయేదాకా వేస్తూనే ఉన్నాను.

అది పోయింది. కానీ మధ్యాహ్నం పూట దాని చప్పుడు ఇంకా వస్తుంది. బొగ్గు ఇంజన్‌లాగా ఉండదు, కడుపులో గొణిగినట్టు ఉంటుంది. గిన్నె మీద మూత కదులుతుంది. సీతాబాయికి వినపడదట. నేను తలుపు గడియ పెట్టుకుని కూర్చుంటాను.

ఏడాదిగా నాకు ఏడుపు రాలేదు రామచంద్రం. కోపంగా ఉంది. పోయినవాడి మీద కోపం పెట్టుకుని ఎలా బతకాలి?

రంగు ఉన్నదున్నట్టు పూస్తావు కదా నువ్వు. ఆ కట్టింగులో నిలబడ్డ మనిషికి ఆ ఇంజన్ కనపడుతుందా, కనపడదా? నాకు అది చెప్పు. ఇంకేమీ వద్దు.

నీలమ్మ

&nbsp;

బెజవాడ,
జూన్

అక్కా,

నీ ఉత్తరం చదివి ఫౌండ్రీకి పోలేదు. బల్ల మీద గుడ్డ కప్పేశాను. దాన్ని పొయ్యిలో పెడదామనుకున్నాను. "ఆమె అడిగిందేంటి, నువ్వు చేస్తోందేంటి" అని కిష్టమ్మ చీవాట్లు పెట్టింది. గుడ్డ తీసింది కూడా తనే.

కనపడుతుందో లేదో ఊహించి చెప్పను. నీకు నచ్చే మాట చెప్పడం తేలిక, కానీ నువ్వు దాన్ని నమ్మవు. చేసి చూస్తాను. దానికి కొన్ని కావాలి. వెంకటనారాయణకు కూడా రాశాను. ఆ ఇంజన్ సామాన్ల పెట్టె మూత ఒకటి ఊడి సైడింగు పక్కన తుప్పల్లో పడి ఉందన్నాడు. అది పంపిస్తాడు. నువ్వు కట్టింగులోని రాయి ఒకటి, అక్కడి దుమ్ము ఒక మూటెడు పంపించు. ఇంకొకటి అడగడానికి నోరు రావడం లేదు. బాలనర్సయ్యను అక్కడికి తీసుకుపోయి, బావ ఎక్కడ నిలబడ్డాడో, ఎటు తిరిగి ఉన్నాడో, ఎండ ఎటు నుంచి ఉందో అడగాలి. విచారణలో చెప్పినట్టు కాదు, చేసి చూపించమను.

నీ వల్ల కాకపోతే రాయి, నేనే వస్తాను.

రామచంద్రం

&nbsp;

హఫీజ్‌పేట,
జులై

రామచంద్రం,

నా వల్ల అయింది. వెంకటనారాయణ పంపించే మూటలో రాయి, దుమ్ము ఉన్నాయి.

ఆ కట్టింగులో నేను ఇదివరకు అడుగు పెట్టలేదు. సీతాబాయి చెయ్యి పట్టుకుని పోయాను. రెండు పక్కలా రాయి, కొసన కొంచెం ఆకాశం. ఆ కొస క్వారీ వైపు, పడమర. మధ్యాహ్నం తరువాత ఎండ సూటిగా కళ్ళలో పడుతుంది.

బాలనర్సయ్య రానంటూనే వచ్చాడు. విచారణ తరువాత అతను నా ఇంటి ముందు నుంచి నడవడమే మానేశాడు. ఆయన నిలబడ్డ చోట నిలబడమన్నాను. నిలబడ్డాడు. మా ఆయన తల ఎట్లున్నది మేస్త్రి, చేసి చూపించు అన్నాను. పడమర తిరిగి తల లేపాడు.

"గిట్ల లేపిండు నీలమ్మా. సూసిండు గద, ఇగ జరుగుతడు అనుకున్న. అందుకే నేను ఒర్రలే."

అందుకే కేక పెట్టలేదట. నాకు మళ్ళీ అదే మాట. సూసిండు. నేను రాతికి ఆనుకుని కూర్చున్నాను.

ఇప్పుడు క్వారీకి మళ్ళీ బొగ్గు ఇంజనే వస్తోంది. మేం అక్కడ ఉండగానే పట్టా సన్నగా అదిరింది. నేను సీతాబాయి చెయ్యి పట్టుకుని లేచాను. బాలనర్సయ్య మాత్రం మాటల్లోనే తల లేపి గుట్ట మీది ఆకాశం చూసి "ఇంక దూరమున్నది" అన్నాడు. కాసేపాగి మమ్మల్ని పక్కన రాతిలో తొలిచిన గూట్లోకి జరిపాడు. బండి పోయింది. మా ఆయనకు కూడా ఈ పాటి అలవాటు లేకనా, ముప్పై ఏళ్ళు పట్టాల మీద పని చేసిన మనిషికి? అదే నాకు అర్థం కాదు. జరగడం తెలియనివాడు కాదు.

నువ్వు చూసి చెప్పు. ఏది కనపడితే అదే చెప్పు. కావాలనే నిలబడ్డాడని తేలినా చెప్పు. తెలియకుండా ఉండటం కంటే అదే నయం.

నీలమ్మ

&nbsp;

బెజవాడ,
ఆగస్టు

అక్కా,

నువ్వు ఇది చదివేటప్పుడు కూర్చుని చదువు.

ముందుగా రంగు. పెట్టె మూతను బ్లేడుతో గీకాను. అడుగున మిలిటరీ ఆకుపచ్చ, దాని మీద ఇటుక ఎరుపు, పైన మన్ను రంగు. మిగిలిన రంగులన్నీ ఒక డబ్బాలో కలిపి పూసినట్టుంది, బహుశా అలాగే చేసి ఉంటారు. నువ్వు పంపిన రాయిని ఆ మూత పక్కన పెట్టాను. కిష్టమ్మను పిలిచి ఏది ఏ రంగు అని అడిగాను. రెండూ ఒకటే కదా అన్నది. అవును, ఒకటే. దాని మీద నువ్వు పంపిన దుమ్ము చల్లితే తేడా ఇంకా పోయింది.

తరువాత బంకమట్టితో కట్టింగు చేశాను. ఇంజన్‌కు అదే రంగు పూసి దుమ్ము చల్లాను. పడమర కొసన దీపం పెట్టి, బావ నిలబడ్డ చోట నా కన్ను ఆనించి చూశాను. కిష్టమ్మ అటు నుంచి ఇంజన్‌ను నెమ్మదిగా తోసింది. నేను చేసిన ఇంజన్, నేను పూసిన రంగు, ఎటు నుంచి వస్తుందో తెలిసి చూస్తున్నాను. అయినా కనపడలేదు. ఆపమని నేను అనేసరికి అది దాదాపు నా కంటి దగ్గరికి వచ్చింది. మళ్ళీ మళ్ళీ చేయించాను. అదే తంతు. వెలుతురులో నుంచి రాయి జరిగి వచ్చినట్టు ఉంటుందే కానీ బండి వచ్చినట్టు ఉండదు.

కానీ ఇది సగమే. కనపడకపోతే మరి తల లేపి దేన్ని చూశాడు? దీనికి జవాబు నా బల్ల మీద లేదు. నీ ఉత్తరంలోనే ఉంది. నువ్వు రాశావు కానీ నీకు తట్టలేదు. పట్టా అదిరినప్పుడు బాలనర్సయ్య ఏం చేశాడు? తల లేపి ఆకాశం చూశాడు. పొగ కోసం. గ్యాంగు వాళ్ళందరూ చేసేది అదే. చప్పుడు చెవికి అందినా, కాలికి అదురు తెలిసినా, ముందుగా గుట్ట మీద పొగ ఎక్కడుందో చూసి, బండి ఎంత దూరంలో ఉందో లెక్క కట్టి, అప్పుడు పక్కకు జరుగుతారు. ముప్పై ఏళ్ళు బావను బతికించిన అలవాటు అది. ఆ ఇంజన్‌కు పొగ లేదు.

బావ బండిని చూస్తూ నిలబడలేదు అక్కా. పట్టా అదిరింది, తల లేపి పొగ వెతికాడు, కనపడలేదు, ఇంకా దూరం ఉందనుకున్నాడు. బాలనర్సయ్య అబద్ధం చెప్పలేదు. తల లేపింది చూసి బండిని చూశాడనుకున్నాడు.

బావ మనసులో ఏముందో నేను చెప్పలేను. పాప కోసం ఆయన ఎంత కుమిలాడో నీకే తెలుసు. కానీ చావాలనుకున్న మనిషికి పొగతో పనేముంది? పక్కకు జరగాలనుకున్నవాడే పొగ వెతుకుతాడు. సాయంత్రం ఇంటికి రావాలనుకున్నవాడే వెతుకుతాడు.

ఈ ఇంజన్‌ను ఏం చేయమంటావో రాయి. ఇక చూపించాలనే ఉబలాటం నాకు లేదు.

నీ తమ్ముడు
రామచంద్రం

&nbsp;

హఫీజ్‌పేట,
సెప్టెంబరు

చిరంజీవి రామచంద్రానికి నీలమ్మ దీవెనలు.

నీ ఉత్తరం వచ్చిన రోజు పొయ్యి వెలిగించలేదు. ఏడ్చాను. సీతాబాయి భయపడి తన మనుషులను పిలుచుకు వచ్చింది. పోయిన ఏడాది ఏడవాల్సిన ఏడుపు ఇప్పుడు ఏడుస్తుందేందని వాళ్ళు గుసగుసలు పోయారు. పోనీ.

మరునాడు బాలనర్సయ్యను పిలిపించి నీ ఉత్తరం చదివి వినిపించాను. పొగ సంగతి వచ్చిన చోట ఆపమన్నాడు, మళ్ళీ చదవమన్నాడు. "ఆడ నేనున్నా గట్లనే సూస్తుంటి నీలమ్మా" అన్నాడు. తను ఒర్రితే పెంటయ్య బతుకుతుండె కదా అని మొదలుపెట్టాడు. కాదని నేను అనలేదు. నీ తప్పని కూడా అనలేదు. అన్నం పెట్టాను. తల వంచుకుని తిన్నాడు. ఇప్పుడు మళ్ళీ నా ఇంటి ముందు నుంచే పనికి పోతున్నాడు. కొత్తగా వచ్చిన గ్యాంగు వాళ్ళకు పొగను నమ్మవద్దని, బండి ఎవరి కంట పడినా ఒర్రి చెప్పాలని చెప్తున్నాడట.

ఇంజన్‌ను పొయ్యిలో పెట్టకు. దసరాకు చూపించు. మన్ను రంగుతోనే చూపించు, చారలు వద్దు. చూసినవాళ్ళు ఇది కనపడటం లేదేమని అడగాలి. అప్పుడు నువ్వు చెప్పాలి.

ఆ చప్పుడు పోతుందనుకున్నాను. పోలేదు. నిన్న మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. గిన్నె మీద మూత కదిలింది. ఇన్నాళ్ళూ అది ఆయన నన్ను వద్దనుకుని పోయిన చప్పుడని గడియ పెట్టుకుని కూర్చున్నాను. నిన్న గడియ తీశాను. సైడింగు గట్టెక్కి, కట్టింగు దిక్కు తిరిగి, గొంతు పగిలేలా అరిచాను. బండొస్తుంది, పక్కకు జరుగు అని. ఆ రోజు ఎవరూ అరవలేదు కదా.

సీతాబాయి మోపు కింద పడేసి ఉరికి వచ్చింది. "ఎవలకు చెప్తున్నవక్కా? ఆడ ఎవలు లేరు గద" అన్నది.

మా ఆయనకు అన్నాను. చెప్తే జరిగే మనిషే అన్నాను.

నీలమ్మ